ఆ పాట ఏ రసం?

మొన్న శనివారం భజన ముగించుకుని ఇంటికొచ్చేసరికి గుమ్మం పక్కన ఒక గంప ఉంది. పైన గోనెపట్టా వేసి పురికొసతో కుట్టిన గంప. కొస తెంపి గోనె తొలగించగానే ముందు వరిగడ్డి వాసన, దాని వెనకాలే, వేడెక్కిన గడ్డి పొరల్లోంచి నెమ్మదిగా పైకి తేలుతూ మాగిన చిన్న రసాల వాసన మా విజయవాడ ఫ్లాటంతా పరుచుకుంది. ఇప్పుడు మామిడిపళ్లు అట్టపెట్టెల్లో వస్తున్నాయి, రంగు ముందొస్తుంది, వాసన రానే రాదు. మా రత్నం అత్త మాత్రం ఏటా బాపులపాడు నుంచి ఇలా గడ్డిలోనే పేర్చి పంపిస్తుంది. గంపలోంచి ఒక పండు తీసి దేవుడి ముందు పెట్టి లేచానో లేదో, ఫోను మోగింది. అత్త మనవరాలు మేఘన మా ఫ్యామిలీ గ్రూపులో ఒక పాట పెట్టింది. అమ్మమ్మకి ఇష్టమైన ఎనభైల నాటి పాటలన్నీ ఫోనులో విడివిడి లిస్టులుగా సర్దుతోందట. "దీన్ని ఏ జానర్‌లో వెయ్యాలి? భక్తా, లవ్వా, శాడా?" అని కింద ప్రశ్న.

పాట మొదట్లో మాటల్లేని ఆ పొడుగాటి హమ్మింగ్ వినగానే ఏ పాటో తెలిసిపోయింది. ఆ ప్రశ్న మా ఇంట్లో కొత్తది కాదు. మేఘన వాళ్లమ్మ కూడా పుట్టకముందు, నూజివీడు దగ్గరి మా తోటలో, ఈ ఒక్క పాట గురించే మేం ఒక వేసవంతా కొట్టుకున్నాం.

మాఘమాసంలో మా తోటకి పూత వచ్చేది. పొద్దున్నే మంచు దిగితే పెద్దవాళ్ల మొహాలు మాడిపోయేవి, ఎండ కాస్తే విప్పారేవి. ఉగాదికి పిందెలు పచ్చట్లో పడేవి, శ్రీరామనవమికి కాయ ముదిరేది, వేసవి సెలవులు ఇచ్చేనాటికి చిక్కాలు కట్టిన పొడుగాటి కర్రలు చెట్ల కింద తిరుగుతుండేవి. పిల్లలందరం పొద్దున చద్దన్నంలో పెరుగేసుకుని, అందులోకి ఒక రసం పిండుకుని తిని, తాటాకు పాకలోకి పరిగెత్తేవాళ్లం. చేతులకి సొన కారి తోలు ఊడేది, మూతి చుట్టూ మామిడి పుళ్లు లేచేవి, అయినా ఎవరి టెంక తెల్లగా వచ్చిందో చూసుకునే పందెం మాత్రం ఆగేది కాదు. పాకలో ఒక మూల కాయల కుప్ప. దాని చుట్టూ కూలికొచ్చే నాగమ్మా, ఆమెతో వచ్చిన ఆడవాళ్లూ కూర్చుని మచ్చవి ఒక పక్కకి, దోరవి ఒక పక్కకి, ముదురువి ఒక పక్కకి ఏరుతూ, చేతులు ఒక పని, నోళ్లు ఇంకో పని చేస్తుండేవారు. రెండో మూల నులకమంచం మీద మా తాతయ్య.

తోట ఆయనదే, ఊళ్లో రామాలయం భజన సమాజానికి పెద్దా ఆయనే. సాయంత్రాలు పురాణం చెప్పేవారు. నవవిధ భక్తులు మా చేత వేళ్ల మీద లెక్కపెట్టించి వల్లె వేయించేవారు. శ్రవణం దగ్గర మొదలుపెట్టి ఆత్మనివేదనం దాకా తప్పులేకుండా చెప్పినవాళ్లకి పటికబెల్లం ముక్క. నేను ఈనాడు పదిమందిలో కూర్చుని నాలుగు కీర్తనలు చెప్పగలుగుతున్నానంటే ఆ పటికబెల్లం పుణ్యమే. అలాంటి ఇంట్లోకి టేప్ రికార్డర్ వచ్చినప్పుడు ఆయన ఒకటే షరతు పెట్టారు. "భక్తి పాటలైతేనే."

ఆ షరతు మమ్మల్ని చిన్నపాటి పండితుల్ని చేసింది. ఏ పాట భక్తి పాటని రుజువు చెయ్యగలిగితే ఆ పాట మాది. లాలిపాటని చిన్నికృష్ణుడికి అప్పజెప్పి గట్టెక్కించాం. వానపాటని వరుణదేవుడికి ఇచ్చాం. మా పెద్దత్త కొడుకు ప్రసాదు బావ ఒకసారి డిస్కో పాటలో హీరోయిన్ని చూసి హీరో "శివశివా" అంటాడని, కనక అది శైవమని వాదించాడు. తాతయ్య కళ్లు మూసుకుని విన్నారు. డ్రమ్ములు మొదలవగానే లేచి, బ్యాటరీలు ఊడదీసి తలగడ కింద పెట్టుకున్నారు. మూడు రోజులు మాకు కాకుల పాటే.

రత్నం అత్త మా నాన్నకి ఆఖరి చెల్లెలు. అప్పటికి ఇంటర్ చదువుతోంది. మనిషి నిండుగా, చేతులు ఎప్పుడూ ఏదో పనిలో, నోరు మాత్రం మూసుకుని ఉండేది. అత్తకి నత్తి. మాట మొదట్లోనే అడ్డం పడేది, ఒకసారి దాటిందంటే తర్వాత బాగానే వచ్చేది. మా గుళ్లో ఒక పద్ధతి ఉంది. పాట చెప్పినవాళ్లు చివర ఒక్కళ్లే "గోవిందా" అని ఎత్తుకోవాలి, అప్పుడు అందరూ అందుకుంటారు. చిన్నప్పుడెప్పుడో అత్త ఆ పిలుపు ఎత్తుకోబోయి "గో గో గో" దగ్గరే ఆగిపోతే, వెనక కూర్చున్న పిల్లలు "రైట్ రైట్" అని బస్సు కండక్టర్లలా అరిచారట. ఆ రోజు నుంచి గుళ్లో చప్పట్లు కొట్టడమే గానీ గొంతు విప్పలేదు. కానీ తోటలో, చెట్లకి అవతల, ఎవరూ లేరనుకున్నప్పుడు ఈ పాట మొత్తం పాడేది. హమ్మింగ్‌తో మొదలయ్యే పాట గనక ఆ రాగంలో నడుస్తూ నడుస్తూ 'స్వామీ' అన్న మొదటి మాటలోకి దిగిపోయేది, గట్టు మీంచి కాలువలోకి అడుగు జార్చినట్టు. వేరే ఏ పాటా అత్తకి అలా దారి ఇవ్వలేదు. ఆ ఏడు హనుమజ్జయంతికి స్వామి ముందు ఒక్క పాట పాడతానని మొక్కుకుంది. హనుమంతుడే ఎందుకంటే, రాముడంతటివాడు ఆయన మాట మొదటిసారి విని, ఇంతసేపు మాట్లాడినా ఒక్క పలుకు తప్పిపోలేదని మెచ్చుకున్నాడని తాతయ్య చెప్పగా విన్నది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

హనుమజ్జయంతి నాడు పొద్దున్నుంచి దీపాలు పెట్టే వేళ దాకా తెగకుండా భజన, ఇంటికొక వంతు. రెండు రోజుల ముందు తాతయ్య మంచం మీద కూర్చుని, "మిట్టమధ్యాహ్నం వంతు మనది. ఎవరు చెప్తారు?" అన్నారు. కుప్ప అవతల నుంచి అత్త చెయ్యెత్తింది.

"నువ్వా అమ్మా?" తాతయ్య నిటారుగా కూర్చున్నారు. "ఏం పాడతావు?"

అత్త టేప్ రికార్డర్ వైపు చూపించింది. ఆమె నోటికి శ్రమ లేకుండా నేనే అందుకున్నాను. "ఆ 'స్వామీ' పాట తాతయ్యా. భక్తి పాటే."

"భక్తీ లేదు, బంగాళాదుంపా లేదు," అన్నాడు ప్రసాదు బావ. "అది విషాదగీతం. ఏటి ఒడ్డున కూచుని ఏడుస్తా పాడిద్ది."

"ఏడిస్తే భక్తి కాదా? పురాణం చెప్పేటప్పుడు తాతయ్య ఏడవరా?"

నాగమ్మ చేతిలో కాయ తిప్పుతూ తీర్పు చెప్పింది. "రెండూ కాదండీ అబ్బాయిగారూ, యుగళగీతం. ఆఖర్న మగగొంతు వచ్చిద్దిగా."

"మగగొంతా?" అన్నారు తాతయ్య. "ఎవరిదిరా అది?"

"హీరోది తాతయ్యా. బుల్లెట్ మీద వచ్చి దిగుతాడు," అన్నాడు బావ.

నాగమ్మ నాలిక కరుచుకుంది. తాతయ్య తల పంకించి, "అయితే ఆయన బుల్లెట్ స్వామి అన్నమాట," అన్నారు. పాకంతా గొల్లుమంది. అత్త తలవంచుకుని, ఏరిన కాయనే మళ్లీ మళ్లీ తుడుస్తోంది.

నాకు ఏడుపొచ్చింది. "గోపికలు పాడలేదా తాతయ్యా?"

"పాడారే. ఎవరి కోసం పాడుతున్నారో గోపికలకి తెలుసు. ఏటి ఒడ్డు పిల్లకి తెలీదు." ఆయన వెక్కిరింతగా అన్లేదు. ఆలోచించే అన్నారు. ఆపైన ఆయనే, పాఠం మొదలుపెట్టే గొంతుతో అన్నారు. "సరే, మీ పేర్లన్నీ పక్కన పెట్టండి. పాటన్నాక ఒక రసం ఉండాలి. చెప్పండి, ఇది ఏ రసం?"

ఆయన చూపు నా మీద ఆగింది. నా చేతుల్లో, అరచేతుల మధ్య పెట్టి మెత్తగా పిసుకుతున్న పండు ఉంది. దాన్నే అడుగుతున్నారనుకున్నాను.

"చిన్న రసం తాతయ్యా."

ఈసారి నవ్విన నవ్వుకి పాక మీది కాకులు లేచిపోయాయి. "శృంగారం, కరుణ, చిన్న రసం!" అని బావ వేళ్లు లెక్కపెట్టాడు. "అవునమ్మాయిగారూ, చిన్న రసమే అది, మీ చిన్న చేతిలో పెద్ద రసంలా ఉంది గానీ," అంది నాగమ్మ. తాతయ్య కండువాతో కళ్లు తుడుచుకుంటూ నవ్వి నవ్వి, ఉన్నట్టుండి ఆగిపోయారు. నా చేతిలోంచి పండు తీసుకుని వేళ్లతో నొక్కి చూశారు.

"దీన్ని కత్తి పెట్టి కోస్తే ఏమవుద్దే?"

"పాడైపోద్ది. రసమంతా కారిపోద్ది. బంగినపల్లైతే కొయ్యాలి గానీ, దీని ముచ్చిక కొరికి తాగాలిగా."

"మరి ఇందాకట్నుంచీ మనం చేసిందేంటి?" అని మా అందరి వైపూ చూశారు. "భగవంతుణ్ణి రసమన్నారు పెద్దలు. ముక్కలన్లేదు." పండు నాకిచ్చేసి అత్త వైపు తిరిగారు. "ఎల్లుండి పాడమ్మా."

"ఇప్పుడొకసారి పాడించండి బాబుగారూ, విందాం," అంది నాగమ్మ.

"వద్దు. నైవేద్యం ముందే రుచి చూడకూడదు."

ఎల్లుండి రానే వచ్చింది. మిట్టమధ్యాహ్నం వంతంటే పెద్దగా ఎవరూ ఉండరు. అప్పాలూ వడమాలలూ పొద్దుటే అయిపోయాయి, పానకం బిందె అడుగంటింది, ఊరు ఊరంతా కునుకు తీస్తోంది. గుళ్లో హార్మణీ పెట్టె ముందు ఒక ముసలాయన, చిడతలు పట్టుకున్న తాతయ్య, మేము. బయట అరుగు మీద, కాయలేరడం ఆపి వచ్చిన నాగమ్మా వాళ్లూ. సిందూరం పూసిన స్వామి ముందు అత్త కూర్చుంది. మెడ మీద చెమట. హమ్మింగ్ మొదలైంది. అది సాగుతూనే ఉంది, టేపులో ఉన్నదానికి రెండింతలైంది, హార్మణీ ముసలాయన అనుమానంగా తలెత్తాడు. నేను కళ్లు మూసుకుని తొమ్మిది భక్తులూ లెక్కపెట్టుకున్నాను. ఎన్నోదాని దగ్గరో "స్వామీ" అన్న మాట, తడబాటు లేకుండా, తేలిగ్గా వచ్చి గర్భగుడి గడప మీద వాలింది.

భజనలో ఒకరు చెప్పింది అందరూ తిరిగి అనడం అలవాటు. ఆ పాట అరుగు మీదున్న ఆడవాళ్లకి కంఠతా వచ్చు. వాళ్లే మొదట అందుకున్నారు, తర్వాత మేము. ఒక్కతే ఒడ్డున కూర్చుని పాడాల్సిన పాటని అంతమంది తిరిగి పాడుతుంటే, అందులో ఏడుపు ఎక్కడికి పోయిందో తెలియలేదు. చివరి చరణంలో మగగొంతు రావాల్సిన చోట అత్త ఆగింది. చిడతలు కూడా ఆగాయి. అప్పుడు తాతయ్య, ఆ పాట మాటలు తెలియని తాతయ్య, ఆ వరసలోనే బొంగురు గొంతుతో "రామా, రామా" అని పూరించారు. అందరం అదే అన్నాం. బుల్లెట్ ఎక్కడో దారిలోనే ఆగిపోయింది.

పాట అయిపోయింది, పిలుపు మిగిలింది. అత్త "గో" దగ్గర ఆగింది. ఎవరూ నవ్వలేదు. తాతయ్య చిడతలు ఒళ్లో పెట్టుకుని, తొందరేమీ లేదన్నట్టు స్వామి వైపు చూస్తూ కూర్చున్నారు. అత్త మళ్లీ సన్నగా రాగం తీసింది, ఆ రాగంలోంచే "గోవిందా" అంది. మేం బదులు చెప్పిన గోవింద ఊరి పొలిమేర దాకా వినపడిందని ఇప్పటికీ నేనంటాను, బావ ఒప్పుకోడు. స్వామి విన్నాడన్న దాంట్లో మాత్రం నాకు ఏ సందేహమూ లేదు. అత్తకి నత్తి పోలేదు. "పోవాలని నే మొక్కుకుంటేగా," అంది తర్వాత. "వినమని మొక్కుకున్నా."

ఆ వేసవి నుంచి మా ఇంట్లో పాటలకి జాతులు మారిపోయాయి. ఎక్కడ కోసి ఏ ముక్క పాడుకున్నా తియ్యగా ఉండేది బంగినపల్లి పాట. డ్రమ్ములు మోగే డిస్కో కలెక్టర్ కాయ, ఉప్పూకారం అద్దుకుని అప్పటికప్పుడు కరకరలాడించేది. సినిమా ఆడక పాట కూడా మరుగున పడితే రాలుగాయ. మొదట పులుపనిపించి ఏడాదికి ఊరేది ఆవకాయ పాట. చిన్న రసమని పేరు పెట్టడానికి మాత్రం తాతయ్య ఒప్పుకోవాలి. ఆయన అంత తేలిగ్గా ఒప్పుకునేవారు కాదు.

తాతయ్య స్వామిని చేరుకున్నారు. తాటాకు పాక లేదు, తోటలో సగం ఆయిల్ పామ్ అయింది, కాయలు ప్లాస్టిక్ ట్రేలలో ఎక్కి ఎక్కడో గదుల్లో రాత్రికి రాత్రి పసుపెక్కుతున్నాయి. పాటకి ముందు ఇప్పుడు యుగళగీతం, ఇప్పుడు విషాదగీతం అని చెప్పే రేడియో గొంతు లేదు, ఫోను అడగకుండానే పంచేస్తోంది. రామాలయంలో భజన ఉంది. బాపులపాడులో అత్త వారం వారం పిల్లలకి పాటలు నేర్పుతోంది, ముందు అందరిచేతా మాటల్లేని రాగం తీయించి.

గ్రూపులో అప్పటికే గొడవ మొదలైంది. "శాడ్. నేను అప్పుడే చెప్పా," అని ప్రసాదు బావ రాశాడు, అరవై దగ్గర పడుతున్నా పట్టు విడవకుండా. "భక్తి," అని నేను రాశాను. "మావయ్యా, అత్తా, ఒకటి ఫైనల్ చెయ్యండి ప్లీజ్," అంది మేఘన. అప్పుడు రత్నం అత్త గొంతు వచ్చింది, రికార్డు చేసి పంపిన గొంతు. ముందు సన్నని రాగం, ఏమీ లేదనుకుని తెలియనివాళ్లెవరైనా ఆపేసేంత పొడుగ్గా. తర్వాత నవ్వుతో కలిసి రెండు మాటలు.

"చిన్న రసమే."

"అదేం జానర్ అమ్మమ్మా?" అని మేఘన అడిగింది. జవాబు కోసం ఆగలేదు. నేను దేవుడి ముందు నుంచి పండు తీసుకుని, పిసికి, ముచ్చిక కొరికేసరికి ఫోనులో కొత్త లిస్టు కనపడింది. పైన "చిన్న రసాలు" అని పేరు, లోపల ఒక్కటే పాట.

"ఇందులో ఇంకేం వెయ్యాలి?" అంది మేఘన.

ప్రసాదు బావ టైప్ చేస్తున్నాడని ఫోను చూపిస్తోంది. రసం మోచేతి దాకా కారుతుంటే అలాగే నిలబడి చూస్తున్నాను, ఏ డిస్కో పాట పెడతాడో అని.