తెరకు వీపు పెట్టి కూర్చున్న పెద్దమ్మ

ఎదురింటి పెద్దమ్మ పోయారన్న కబురు నాకు సూళగిరిలో తెలిసింది. మా హోసూరు సినిమా పండగకు తెరగుడ్డ అడిగి తీసుకుని కృష్ణగిరి నుంచి బస్సులో వస్తున్నాను. బస్సు ఆగితే, అక్కడికి పూలు కొనడానికొచ్చిన మా వీధి పూలామె కిటికీ దగ్గరికొచ్చి, "పొద్దున్నే పోయిందమ్మా పెద్దమ్మ, నిద్రలోనే" అన్నది. ఒళ్ళో తెరగుడ్డను ఎక్కడ పెట్టాలో తోచలేదు. అప్పటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను.

మా ఊరి కుర్రాళ్ళు ఏటా బెంగుళూరు నుంచి సినిమా రీళ్ళ పెట్టెలు తెప్పించి, చింతపండు గోడౌనులో కొన్నాళ్ళు సినిమాలు వేస్తారు. తెలుగు, తమిళం, కన్నడం, ఒక్కోసారి ఎవరికీ రాని భాష. గోనెపట్టా కట్టి సగం చోటు ఆడవాళ్ళకు వదిలారు. మొదటి ఏడు ఆ సగంలో పెద్దమ్మా నేనూ తప్ప ఎవరూ లేరు. గోడౌను షావుకారు నవ్వాడు. "ఆడోళ్ళు రాకుంటే ఆ పక్క మూటలేసుకుంటానప్పా."

మరుసటి ఏడు పెద్దమ్మ కుంకుమ భరిణె పట్టుకుని, పెళ్ళికి పిలిచినట్టు ఇల్లిల్లూ తిరిగారు. ఒక అత్తగారు గుమ్మంలో అడ్డం నిలిచింది.

"సినిమాకు బొట్టు పెట్టి పిలిచేది యాడన్నా ఉందా?"

"యాడా లేదు, ఈడనే ఉంది. నొసలిట్లా తిప్పు. బొట్టు పెట్టించుకుని రాకుంటే నీకే బాగుండదు, ఇంగ నీ ఇష్టం."

అత్తగారు కోడళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది.

చిత్రమేమిటంటే పెద్దమ్మ ఒక్క సినిమా కూడా చూడలేదు. తెరకు వీపు పెట్టి, మా ముఖాల వైపు తిరిగి కూర్చునేవారు. ఏ బిడ్డ ఏడ్చినా ఎత్తుకునేవారు. గోనెపట్టా అవతల నుంచి ఏ మొగుడు కేకేసినా, "వస్తుందిలేప్పా, కథ అయినాక" అనేవారు. మర్నాడు వాకిట్లో కూర్చుని చూసినవాళ్ళతో కథ చెప్పించుకునేవారు. ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఇంకా సంతోషం.

ఆమె భర్త, మా పెదనాన్న, చనిపోయిన ఏడు షావుకారు మళ్ళీ మూటల మాటెత్తాడు. పెద్దమ్మ నా గడపలో నిలబడి భరిణె చాచారు. "బొట్టు పెట్టే చెయ్యి పోయింది గానీ పిలిచే నోరు పోలేదు కదమ్మా. నువ్వు పట్టుకో, నేను మాట్లాడతా."

భర్త లేనివాళ్ళను వదిలేసే పిలుపు ఏం పిలుపని అడిగాను.

"నీకు చదువెక్కువ, నడక తక్కువ. నడువు ముందు."

బొట్టు పెట్టే ఇళ్ళలో నన్ను ముందుకు తోశారు. పెట్టకూడని ఇళ్ళలో తానే ముందు వెళ్ళి, మంచినీళ్ళడిగి తాగి, "నీ ఇంట నీళ్ళు తాగినాను. నా పక్కనొచ్చి కూసో" అన్నారు. వాళ్ళూ వచ్చారు. అయినా ఇళ్ళను అలా రెండుగా విడదీయడం సరైనదేనా అని నా మనసు పీకుతూనే ఉంది.

భరిణె నా దగ్గరే ఉండిపోయింది. ఈసారి పండగ ఆపుదామని నేనంటే పెద్దమ్మ కొడుకే, "వద్దక్కా, మూటలొచ్చేస్తాయి" అన్నాడు. ఒక్కదాన్నే బయల్దేరాను. భరిణె తీసుకెళ్ళలేదు. అన్ని ఇళ్ళలోనూ నీళ్ళే అడిగాను.

"బొట్టు యాడమ్మా?" అన్నది అప్పుడు గుమ్మంలో అడ్డం నిలిచిన ఆ అత్తగారే.

"ఈసారి నీళ్ళేనమ్మా."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. వస్తానలేదు, రాననలేదు. మొదటి ఆటకు నేనే ముందెళ్ళి గోనెపట్టా కట్టాను.

వచ్చారు. పెద్దమ్మ కోసమో, సినిమా కోసమో, నాకు తెలియదు. దీపాలార్పాక నేను తెర వైపు కూర్చోలేకపోయాను, ఇటు తిరిగాను. ముందు వరుసలో కొత్త కోడలొకతె గుసగుసగా అడిగింది. "నువ్వు చూడవా అక్కా?"

"రేపు మీ ఇంటికొస్తాను. నువ్వే చెప్పు."

ఆమె తలూపి కళ్ళెత్తింది. తెర మీది వెలుగు ఆమె ముఖం మీద, వెనకున్న బొట్ల మీద, బోసి నొసళ్ళ మీద ఒకేలా కదులుతూ పోయింది.