ఉద్యోగం రాని రోజు కృతజ్ఞత కూడిక

మొన్న ఆదివారం శంషాబాద్‌లోని మా చర్చి ఆవరణలో కృతజ్ఞత పండుగ భోజనాలు పెట్టారు. లోపల అయ్యగారు ప్రార్థన చేస్తుంటే బయట బగారన్నానికి తాలింపు పడింది. నూనెలో వేగుతున్న లవంగాలు, పుదీనా వాసన కిటికీలోంచి గుప్పున వచ్చింది. అదే సమయానికి నెత్తిమీదుగా విమానం దిగుతోంది. మా అయ్యగారు విమానం పోయేదాకా ఆగి మళ్లీ అందుకుంటారు, ఆయనకూ మాకూ అది అలవాటే. అలా ఆగినప్పుడు నాకు కరుణమ్మత్త గుర్తొచ్చింది. కళ్లు మూసుకునే ఉన్నాను గానీ, ఆ తర్వాత ప్రార్థన ఎక్కడిదాకా వచ్చిందో నాకు తెలిస్తే ఒట్టు.

కరుణమ్మత్త మాకు చుట్టమేమీ కాదు. శంషాబాద్ పక్కనే సాతంరాయిలో మేం కిరాయికున్న ఇంటి యజమానురాలు. మావాళ్లది భీమవరం వైపు, నాన్న ఉద్యోగం మమ్మల్ని ఇక్కడికి తెచ్చింది. అత్త మాత్రం సాతంరాయిలోనే పుట్టి, అక్కడే పెళ్లాడి, అక్కడే పెత్తనం చేసిన మనిషి. చర్చిలో ఏ విందైనా గంటె ఆమె చేతిలో ఉండాల్సిందే. ఉప్పు సరిపోయిందా అని ఆమెను అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

మా ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయమని ఒకటుంటుంది. దేవుడు చేసిన మేలును ఎవరైనా లేచి పదిమందిలో చెప్పవచ్చు. చాలామంది "గడచిన వారమంతా కాపాడిన దేవునికి స్తోత్రం" అనేసి కూర్చుంటారు. అత్త అలా కూర్చుంటే కదా! "సుట్టాలు ఇంట్ల ఉన్నన్ని దినాలు గ్యాస్ అయిపోలే. వాళ్లు బస్సెక్కినంక అయిపోయింది. దేవునికి స్తోత్రం" అనేది. ఇంకో వారం, "మా కోడలు, నేను జర కొట్లాడినం. మల్ల ఆమెనే చాయ్ తెచ్చి ఇచ్చింది. ఆ చాయ్‌కి స్తోత్రం" అంది. చర్చంతా నవ్వింది, కోడలు తప్ప.

ఒకరోజు ఆమె ఇంట్లో భోజనానికి కూర్చుని, చిన్నప్పటి నుంచి వచ్చిన వరసలో "అన్నిటికీ స్తోత్రం ప్రభువా, ఆమేన్" అని ముద్ద కలిపాను. అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అన్నిటికి అంటే ఏందే సువార్తా? ఎవలన్న నీకు చీర పెడితే అన్నిటికి థాంక్స్ అంటవా? చీర బాగున్నదంటవు, అంచు బాగున్నదంటవు. దేవుని దగ్గరికి వచ్చేసరికి గంపగుత్తగ నెట్టేస్తవా? పేరు పెట్టి చెప్పు."

నా నోరు కూడా తక్కువది కాదు. "వంకాయ కూరకు స్తోత్రం. అందులో ఎక్కువైన ఉప్పుకు మాత్రం కాదు" అన్నాను. ఆమె పడీపడీ నవ్వి, "ఇగ ఇప్పుడు సక్కగ చెప్పినవ్" అని అదే కూర ఇంకో గంటె వడ్డించింది.

నా డిగ్రీ అయిన ఏడాది నాన్నకు వెన్నుకు ఆపరేషన్ అయింది. ఆయన మంచం మీద ఉన్నారు, ఇల్లు నా ఉద్యోగం కోసం ఎదురు చూస్తోంది. విమానాశ్రయంలో ప్రయాణికుల కౌంటర్ దగ్గర పని ఉందంటే ఇంటర్వ్యూకు వెళ్లాను. పంపించిన ఏజెంటు, ఇదివరకు పనిచేసిన అనుభవం ఉందని చెప్పమని చిలక్కి నేర్పినట్టు నేర్పాడు. తీరా వాళ్లు అడిగేసరికి నా నోట "లేదండీ, ఇదే మొదలు" అని నిజమే వచ్చింది. అయినా ఆ పెద్దమనిషి నవ్వుతూ, "వచ్చినట్టే అనుకోమ్మా" అన్నాడు. అబద్ధం చెప్పని సంగతి అత్తకొక్కదానికే చెప్పాను. అమ్మతో "వచ్చినట్టే" అన్న ముక్క మాత్రం చెప్పాను.

మాలో ఎవరికైనా మేలు జరిగితే సంఘాన్ని ఇంటికి పిలిచి, ప్రార్థన పెట్టించి, భోజనం పెడతాం. దాన్నే కృతజ్ఞత కూడిక అంటాం. అది మేలు జరిగాక చేసేది. మా అమ్మ విశ్వాసం ఉద్యోగం కంటే ముందు పరుగెత్తింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, వచ్చే శనివారం మా ఇంట్లో కూడిక అని చర్చిలో ప్రకటన చేయించేసింది.

శనివారం పొద్దున బియ్యం నానుతున్నాయి, మటన్ పొయ్యి మీద ఉడుకుతోంది. నా ఫోనుకు మెసేజ్ వచ్చింది. నన్ను తీసుకోలేదు.

"సువార్తకు జ్వరమని చెప్పి ఆపేద్దామండీ వదినగారూ. నలుగురిలో తలెత్తుకోలేం" అంది అమ్మ, పొయ్యి దగ్గర గంటె పట్టుకున్న అత్తతో.

"లేని జ్వరాన్ని ఎందుకు తెస్తవు వదినా? ఇంట్ల ఒక పేషెంటు సాలడా?" అంది అత్త.

నేను గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాను. ఒళ్లు మండిపోతోంది. నిజం చెప్పినందుకు ఇదా నాకు దక్కింది? కాసేపటికి అత్త వచ్చి తలుపు కొట్టింది.

"నేను రాను. ఏ ముఖం పెట్టుకుని స్తోత్రం చెప్పను? నాకు కోపంగా ఉంది."

"ఎవల మీద?"

"దేవుడి మీద."

"గట్లయితే నాకెందుకు చెప్తున్నవు బిడ్డా, ఆయనకే చెప్పు. కోపముంటే కోపంతోనే రా. జర ముఖం కడుక్కోని రా, అంతే."

అలా అంటుందని నేను అనుకోలేదు. తలుపు తీశాను.

షామియానా కింద అందరూ కూర్చున్నారు. పాటలయ్యాయి. అయ్యగారు ఉద్యోగమిచ్చిన దేవుణ్ణి స్తుతిద్దామని మొదలుపెట్టబోతే, అత్త పొయ్యి దగ్గర నుంచి గంటెతోనే వచ్చి నిలబడింది.

"అయ్యగారూ, జర ఆగుండ్రి. ఈ పిల్లకు నౌకరి రాలే. పొద్దుగాలనే తెలిసింది. మేమే తొందరపడి మిమ్మల్ని పిలిచినం." అమ్మ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. అత్త ఆగలేదు. "ఇగ స్తోత్రం దేనికంటరా? అనుభవం ఉన్నదని అబద్ధం చెప్పమని ఈ పిల్లకు నేర్పి పంపిన్రు. చెప్పలే. ఇంట్ల నాయిన మంచంల ఉన్నా చెప్పలే. గిసొంటి పిల్ల నా ఇంట్ల ఉన్నందుకు దేవునికి స్తోత్రం."

అప్పుడు ఇంట్లోంచి, మంచం మీంచి, నాన్న గొంతు వినిపించింది. "ఆమేన్!" ఆపరేషన్ అయ్యాక ఆయన అంత గట్టిగా పలకడం అదే మొదలు. అమ్మ కొంగు తీసి నా వంక చూసింది. తిడుతుందనుకున్నాను. నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వేమైనా చెబుతావా అమ్మా?" అని అయ్యగారు అడిగారు. లేచాను. "ప్రభువా, నాకు నీ మీద చాలా కోపంగా ఉంది. కానీ ఆకలి కూడా వేస్తోంది. అన్నం ఉంది. ఆ అన్నానికి స్తోత్రం" అన్నాను. ఎవరో కిసుక్కుమన్నారు, ఆ తర్వాత అందరూ నవ్వారు, ఏడుస్తూనే నేనూ నవ్వాను. ఆ మధ్యాహ్నం నేను తిన్నట్టు ఎవరూ తినలేదు.

కొన్నాళ్లకు తొండుపల్లి దగ్గర సరుకుల గోదాము ఆఫీసులో పని దొరికింది. "చేరినవా? కుర్చీల కూసున్నవా? అయితే ఇప్పుడు పిలువుమను మీ అమ్మను" అని అత్త ఆటపట్టించింది. ఇవాళ ఆ ఆఫీసు మొత్తం నేనే చూసుకుంటున్నాను. కిందటి వానాకాలం అత్త షుగరు జబ్బుతో పోయింది. గర్వం పాపమంటారు. పాపమైతే కానీ, ఆ మనిషి ఇంట్లో కిరాయికి పెరిగానని చెప్పుకోవడానికి నాకు గర్వమే.

ఆమెను సమాధి చేసిన తర్వాతి ఆదివారం సాక్ష్యాలకు లేచాను. "ప్రభువా, అత్తను తీసుకుపోయినందుకు నీ మీద కోపంగానే ఉంది" అని మొదలుపెట్టాను. ఆమె తిట్లకు స్తోత్రం చెప్పాను. దవాఖానలో మా నాన్నకు ఆమె తినిపించిన జావకు చెప్పాను. అమ్మకూ నాకూ మాటల్లేని రోజుల్లో మధ్యన కూర్చుని ఆమె తీర్చిన తగవులకు చెప్పాను. అలా ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోతుంటే, తాను వాక్యం బోధించే సమయం మించిపోతోందని అయ్యగారు మెల్లగా సైగ చేశారు. ఇంకా చాలా ఉన్నాయి. నేను కూర్చోలేదు.