ఎదుటి బల్లలో నోరు

నోయెల్ ట్రాంటర్ మొహమంటే హెడ్లీ రడ్‌కి ఒళ్లుమంట. అయినా ఏడాదిగా శుక్రవారం శుక్రవారం ఆ మొహాన్నే రెప్ప వాల్చకుండా చూస్తూ పాడుతున్నాడు.

ఆష్‌మిన్‌స్టర్ కెథడ్రల్‌లో గాయకులు రెండు వరసలుగా నిలబడతారు. నడుమ రాతి నడవ. కీర్తనలో ఒక చరణం ఈ వరస పాడితే, మరుసటి చరణం ఆ వరస అందుకుంటుంది. హెడ్లీ దక్షిణపు వరసలో చివరివాడు. ట్రాంటర్ ఉత్తరపు వరసలో సరిగ్గా అతనికి ఎదురు. ఇద్దరివీ బరువైన కింది గొంతులే. పదహారేళ్లుగా దేవుడి సన్నిధిలో ఒకరి మాట ఒకరు అందుకుంటున్నారు గాని, బయట ఒకరితో ఒకరు మాట్లాడుకోరు.

హెడ్లీ వడ్రంగి. ట్రాంటర్‌ది మాంసం కొట్టు. పదహారేళ్ల కిందట ఆ కొట్టుకి హెడ్లీ ఒక మంచి బల్ల చేసిచ్చాడు. ట్రాంటర్ రోజూ దానిమీద మరిగే నీళ్లు గుమ్మరించి కడిగాడు. అది వంగింది. వంగిందని వచ్చి చెబితే హెడ్లీ సరిచేసేవాడే. కాని ట్రాంటర్ సారాకొట్టులో నలుగురి ముందు, "వంకర కర్రకి కాదయ్యా, చేసినవాడికి" అని నవ్వించాడు. వేరే వడ్రంగిని పిలిచి దాన్ని పీకించాడు. ఆనాటి నుంచి హెడ్లీ భార్య ఐవీ మాంసానికి ఏటి అవతలికి నడిచి వెళుతోంది.

హెడ్లీ పద్నాలుగో ఏట కర్ర కార్ఖానాలో చేరాడు. శవపేటికలు, కిటికీ చట్రాలు చేస్తూ రంపం మోతని మించి పాడేవాడు. ఆర్గన్ పెట్టె బాగుచేయించడానికి వచ్చిన పాత గాయకగురువు ఆ గొంతు విని కెథడ్రల్‌కి రమ్మన్నాడు. స్వరలిపి ఎవరూ నేర్పలేదు. కర్రమీద గీతలు చదివినట్టే కాగితంమీద గీతలూ చదువుకున్నాడు. ముప్పై ఏళ్లు పాడాడు. ఆ ముప్పై ఏళ్లూ పగలంతా కర్రని చిత్రికపట్టే యంత్రం పక్కనే నిలబడ్డాడు. దాని రొద ముందు ఎడమ చెవిని తినేసింది, తరవాత కుడి చెవి జోలికి వచ్చింది. ఐవీకి, వరసలో పక్కన పాడేవాడికి తప్ప ఎవరికీ తెలియదు.

వారం మొత్తానికి అతని దగ్గర ఉపాయం ఉంది. సోమవారం పిల్లలే పాడతారు, పెద్దవాళ్ల పని లేదు. మంగళ, గురు, శనివారాలు ఆర్గన్ మోగుతుంది. దాని పెద్ద గొట్టాల మోత ముందున్న ఓకు కర్ర బల్లలోంచి మోకాలికి ఎక్కుతుంది. మోకాలు ఆనించుకుంటే చాలు. బుధవారం పాటే లేదు. పాదిరీగారు పదిమంది ముసలమ్మలకి ప్రార్థన చదివి వినిపించి పంపేస్తారు. ఆదివారం జనమంతా పాడే హోరు చెవిటివాడికైనా అందుతుంది. చిక్కంతా శుక్రవారంతోనే. క్రీస్తు చనిపోయిన రోజని ఆ సాయంత్రం ఆర్గన్ మూతపెడతారు. ఒట్టి గొంతులతో పాడాలి.

కీర్తన ప్రతి చరణానికీ నడుమ ఒక ఆపు ఉంటుంది. అందరూ పాట ఆపి ఊపిరి తీసే చోటు. ఆ నిశ్శబ్దంలో ఎవడి గొంతైనా పడితే గుడంతా వినిపిస్తుంది. ట్రాంటర్ పెదాలు విడివిడిగా ఉంటే అది నడిమి ఆపు. మూసుకుంటే చరణం అయిపోయినట్టు, ఇక తాను అందుకోవాలి. అంత శుభ్రంగా మాట పలికే నోరు ఆ వరసలో ఇంకొకటి లేదు. అదే హెడ్లీకి మరీ మంట.

ఫిబ్రవరిలో ఒక గురువారం, ప్రార్థన ముగిశాక, గాయకులు తెల్ల అంగీలు విప్పుకుంటున్నారు. ట్రాంటర్ ఎప్పట్లాగే మధ్యవాడితో అన్నాడు. మధ్యవాడంటే పెర్సీ లాంబ్. హెడ్లీ పక్కన పాడే బక్కపలచని తపాలా గుమాస్తా.

"పెర్సీ, ఆ పెద్దమనిషిని అడుగు. నా మొహంలో ఏం కనిపిస్తోందట? నా పెళ్లాం కూడా అంతసేపు చూడదు!"

హెడ్లీ వంగి బూట్ల తాడు కట్టుకుంటున్నాడు. తల ఎత్తలేదు. ట్రాంటర్ అతని వీపు వెనకగా వచ్చి, మామూలు గొంతుతోనే, "నువ్వు చేసే పెట్టెల్లో శవాలు కూడా పడుకోవురా" అన్నాడు. హెడ్లీ తాడు ముడి వేసుకుంటూనే ఉన్నాడు.

"ఓహో! అదా సంగతి!" అన్నాడు ట్రాంటర్. పెర్సీ మొహం పాలిపోయింది.

బయట పెర్సీ హెడ్లీకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "రేపు రాకు. జ్వరమని చెప్పేయ్. వాడికి తెలిసిపోయింది."

"తెలిస్తే తెలిసింది."

"రేపు శుక్రవారమే కాదయ్యా, పదిహేనో తారీఖు కూడా!"

నెలలో పదిహేనో సాయంత్రం డెబ్బై ఎనిమిదో కీర్తన. డెబ్బైకి పైగా చరణాలు. గాయకులందరికీ దాని పేరు చెబితే నీరసం. ఆర్గన్ లేకుండా అయితే చెప్పనే అక్కర్లేదు.

"పోయిన శీతకాలం ఆ మాథర్‌ని క్రూ ఎలా సాగనంపాడో చూశావుగా. ఒక్క తప్పుకే!" అన్నాడు పెర్సీ. క్రూ అంటే కొత్త గాయకగురువు, సంగీతంలో డాక్టరు పట్టా ఉన్నవాడు.

"పదిహేనో తారీఖు నేనెన్నడూ ఎగ్గొట్టలేదు. ఆ కసాయివాడికి భయపడి ఇప్పుడు ఎగ్గొట్టనా?"

మర్నాడు కీర్తన మొదలైంది. కొన్ని చరణాలు సాఫీగా నడిచాయి. ఉన్నట్టుండి ట్రాంటర్ పుస్తకం పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నోరు కనబడదు. పుస్తకం పైనుంచి రెండు కళ్లు మాత్రం నవ్వుతున్నాయి.

హెడ్లీ పెర్సీ భుజాన్ని చూసుకుంటూ మూడు నాలుగు చరణాలు లాగాడు. ఉత్తరపు వరస ఆగింది. పెర్సీ ఊపిరి తీశాడో, గుటకే వేశాడో, భుజం కదిలింది. హెడ్లీ అందుకున్నాడు. నడిమి ఆపులో అతని గొంతు ఒక్కటే ఉరిమినట్టు పడింది.

పుస్తకం వెనక సంబరపడుతున్న ట్రాంటర్‌కి తానెక్కడున్నాడో తెలియకుండా పోయింది. గాభరాగా పక్క పేజీలోని చరణం ఎత్తుకున్నాడు. రెండు పెద్ద గొంతులు రెండు వేరు వేరు చరణాలతో ఆ నిశ్శబ్దంలో కుమ్ముకున్నాయి. కెథడ్రల్ పెద్ద డీన్‌గారు కళ్లజోడు తీశారు.

అంగీలు మార్చుకునే గదిలోకి రాగానే క్రూ తలుపు వేశాడు. "ట్రాంటర్‌గారూ, మీతో తరవాత మాట్లాడతాను." హెడ్లీ అంగీ విప్పుతూ గోడవైపు తిరిగి ఉన్నాడు. "హెడ్లీగారూ, ఎప్పట్నుంచి?"

హెడ్లీ రెండో చెయ్యి అంగీలోంచి లాక్కుంటున్నాడు. అప్పుడు ట్రాంటర్ చుట్టూ తిరిగి హెడ్లీ మొహంలో మొహం పెట్టి, పెదాలు సాగదీసి పలికాడు. పదహారేళ్లలో ఎదురుగా నిలబడి అన్న మొదటి మాట అదే.

"నీకు... చెవుడు... ఎప్పట్నుంచి... అంటున్నారు!"

"చాలా ఏళ్లయింది," అన్నాడు హెడ్లీ. "ఏడాదిగా నీ నోరు చూసి నెట్టుకొచ్చాను. దాన్ని చూడాల్సి రావడంకన్నా చెవుడే నయం."

క్రూ ముందుకు వచ్చి నెమ్మదిగా, విడివిడిగా అన్నాడు. "ఈస్టరు దాకా మీ చోట్లో మీరుండండి. పాడక్కర్లేదు, పెదాలు కదిపితే చాలు. వరస నిండుగా కనిపించాలి, అంతే. ముప్పై ఏళ్ల మనిషిని ఈస్టరు ముందు పంపేశామంటే బాగుండదు."

"కార్ఖానా నిండుగా కనబడాలని ఉలి పట్టుకుని ఊరికే నిలబడమంటారా డాక్టరుగారూ?"

"అలా అని కాదు..."

"అంతే కదూ. అలాంటివాణ్ణి మా మేస్త్రీ ఒక్క పూట ఉంచుకునేవాడు కాదు."

అంగీని మేకుకి తగిలించాడు. మడత సరిచేశాడు. పెర్సీ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు. తలుపు బార్లా తీశాడు. ఏటిమీదనుంచి ఈదురుగాలి కొట్టి కాగితాలు గదంతా ఎగిరాయి. వెనకనుంచి ఎవరో ఏదో అరిచారు. తలుపు వెయ్యమనే అయ్యుంటుంది. హెడ్లీ వెయ్యలేదు.