ప్లేటు తీసినందుకు మార్కులు

ఈ రోజు నరసరావుపేటలో, మా కాలేజీలో హోటల్ కోర్సు చదివే ఇంటర్ పిల్లలకు వడ్డన ప్రాక్టికల్ పెట్టాను. అతిథులుగా ఇంటివాళ్ళను తెచ్చుకోమంటే రూతు వాళ్ళమ్మ మరియమ్మను తెచ్చుకుంది. ఆమెది ఇక్కడికి దగ్గర్లోని మా పల్లెటూరే, పత్తి జిన్నింగు మిల్లులో కూలి.

తెల్లగుడ్డ పరిచిన బల్ల దగ్గర అమ్మను కూర్చోబెట్టి, రూతు నేర్పినట్టే ఉప్మా వడ్డించి టీ ఇచ్చింది. తాగడం అవగానే మరియమ్మ గ్లాసూ ప్లేటూ పట్టుకుని కుళాయి వైపు నడిచింది. మా ఊరి టీ హోటల్లో హరిజనవాడ వాళ్ళకు గ్లాసులు వేరు. తాగినవాళ్ళే కడిగి బయట బోర్లించాలి.

రూతు ఎదురెళ్ళి ఆపింది. "కూర్చోమ్మా. అయి నేను తీయాల."

"నా ఎంగిలి నువ్వు తీసేదేందే? నేను కడుగుతాలే."

"నువ్వు తీస్తే నాకు మార్కులు పోతయ్యమ్మా."

మరియమ్మ నా వైపు చూసింది. అవునన్నాను. వెనక్కి వచ్చి, ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కూతురు ప్లేటు తీసింది.

రూతుకు పూర్తి మార్కులు వేశాను.

పొద్దున అదే హోటల్లో నేనూ టీ తాగి, గ్లాసు బల్ల మీదే వదిలేసి ఈ పరీక్షకు వచ్చాను. నాకెన్ని మార్కులు వేయాలో మీరు చెప్పండి.