షూనేము తల్లి కథ చెప్పడానికి జైనూరుకు

ఈ ప్రయాణానికి కారణం మా చిన్నమ్మ కూతురు సువర్ణ. జైనూరు దగ్గర ఒక పల్లెలో ఉంటుంది. నిరుడు వానకాలంలో ఆమె ఒక్కగానొక్క కొడుకు తలనొప్పి అంటూ పడుకుని, మెదడు జ్వరంతో పోయాడు.

“అక్కా, ఎలీషా ప్రవక్త బతికించిన పిల్లగాని కథ నువ్వొచ్చి చెప్పు. నన్ను జూసి గీడ ఎవ్వలు ఆ కథ ఎత్తుతలేరు” అంది ఫోన్లో.

కరీంనగర్‌లో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా చర్చిలో పాత నిబంధన కథలు, వాటి కాలం సంగతులు వివరిస్తుంటాను. కానీ ఈ కథలో షూనేము ఊరి తల్లికున్న ఒక్క కొడుకు కూడా తలనొప్పితోనే పోతాడు. భయపడుతూనే బయలుదేరాను.

శనివారం ఉదయం ఆరింటికి ఆసిఫాబాద్ బస్సు. ఆడవాళ్లకు టికెట్టు సున్నా. సీటు కావాలంటే మాత్రం ముందే రావాలి. గోదావరి వంతెన మీద పక్కసీటు ముసలమ్మ “గంగమ్మా, సల్లంగ సూడు” అని దండం పెట్టి, ఎక్కడికని అడిగింది. చెల్లెలి ఇంటికన్నాను.

“చెల్లెకు పిల్లలెందరు?”

“ఒక్క కొడుకు” అనేశాను. లేడని చెప్పడానికి నోరు రాలేదు.

ఆసిఫాబాద్‌లో ఇడ్లీ తిని, పదకొండింటికి జైనూరు బస్సెక్కాను. కెరమెరి ఘాటు మలుపుల్లో కడుపు తిప్పుతుంది. కిటికీ పక్కన కూర్చోవడం మేలు. ఘాటు దాటాక దారిపొడుగునా విచ్చిన పత్తిచేలు. సువర్ణ బస్సు దగ్గరికే వచ్చింది. చిక్కిపోయింది. జొన్నరొట్టె, పప్పు పెట్టి, తను మాత్రం సరిగా తినలేదు.

సాయంత్రం చిన్న చర్చిలో చాపల మీద అందరం కూర్చున్నాం. అమావాస్యకో విశ్రాంతి దినానికో ప్రవక్త దగ్గరికి వెళ్లడం ఆనాటి వాడుక అని, అందుకే అవేవీ కాని రోజున, కొడుకు పోయిన సంగతి చెప్పకుండా ఆ తల్లి బయలుదేరితే భర్త ఆశ్చర్యపోయాడని చెప్పాను. వేరే కథల్లో ఎలీషాకు ఎక్కడో జరిగేవి కూడా తెలిసిపోతాయి. ఈ కథలో మాత్రం ఆ తల్లి వచ్చి తన కాళ్లు పట్టుకున్నా, ఆమె దుఃఖమేమిటో దేవుడు తనకు చెప్పలేదని ఒప్పుకుంటాడు అన్నాను.

“ఆగక్కా” అంది సువర్ణ. “ప్రవక్తకే ఎరుకలేదా?”

“లేదు.”

“మరి నా కొడుకు ఎందుకు పోయిండో గీళ్లందరికి ఎట్ల ఎరుక? ఒగలు నా పాపమన్నరు. ఒగలు దేవునికి ముద్దొచ్చి తీస్కపోయిండన్నరు.”

ఊరి పాస్టరు లేచి వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

“ముద్దొచ్చి తీస్కపోయిండన్నది నేనేనమ్మా. నాకు తెల్వదు. తెల్వకనే చెప్పిన.”

సువర్ణ వెక్కివెక్కి ఏడ్చింది. పక్కనున్న ఆడవాళ్లు ఆమెను దగ్గరికి తీసుకున్నారు. నేను కథ అక్కడే ఆపేసి పుస్తకం మూశాను.

సువర్ణ కొంగుతో ముఖం తుడుచుకుంది. “ఆపకక్కా. గా పిల్లగాడు లేసేదాక చెప్పు. ఆ తల్లికైన కొడుకు దక్కనీ.”

చెప్పాను. ప్రవక్త ముందుగా సేవకుడితో పంపిన చేతికర్రను పిల్లవాడి ముఖం మీద పెట్టినా ఏమీ కాలేదని, తనే వచ్చి పిల్లవాడి మీద వంగి ఒళ్లు వెచ్చచేశాడని చెప్పాను. పిల్లవాడు ఏడుసార్లు తుమ్మి కళ్లు తెరిచాడనగానే చర్చిలోని పిల్లలు కిలకిలా నవ్వారు. తడి కళ్లతోనే సువర్ణా నవ్వింది.

ఆదివారం ఆరాధన, భోజనం అయ్యాక రెండింటి బస్సుకు తిరుగుప్రయాణం. ఘాటు దిగుతున్నంతసేపూ ఆమె మాటే చెవిలో ఉంది. ఆ కథలో అద్భుతం ఎక్కడుందని ఇకముందు ఎవరైనా అడిగితే, తన కొడుకు దక్కని ఒక తల్లి, మరో తల్లి కొడుకు లేచేదాకా కథ ఆపనివ్వలేదని చెబుతాను.