మంగళవారం బీపీ

విజయరాణి మా క్యాంపుకు మంగళవారం వచ్చేది. శనివారం ఒక క్యాంపు, ఆదివారం ఇంకొకటి, అలా వారానికి ఆరు రోజులు ఆరు క్యాంపులు తిరిగే నర్సు ఆమె. శుక్రవారం సెలవు. ఆ ఒక్కరోజూ ఎటూ తిరగకపోతే నీ కాళ్ళు ఊరుకుంటాయా అని నేను వెక్కిరించేవాణ్ణి.

"శుక్రారం బట్టలు పిండుకొని పంటనన్నా. నీ లెక్క కుర్సీల కూసొని జీతం తీసుకునే రాత నాకేడిది?" అనేది.

ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. నా పేరు రాజేందర్. మాది జగిత్యాల దగ్గర పల్లె. ఖతార్‌లో అల్ రయ్యాన్ శివార్లలో ఉన్న ఈ లేబర్ క్యాంపులో పదకొండేళ్ళుగా ఆఫీసు గుమాస్తాను. రెండు వందల పైచిలుకు మంది ఉంటారు. ఎవరి మంచం విరిగినా, ఎవరి గదిలో ఏసీ ఆగినా, ఎవరి కార్డు గడువు తీరినా నా బల్ల ముందుకే వస్తారు. వాళ్ళలో నలభై మంది దాకా మనవాళ్ళు. సిరిసిల్ల, జగిత్యాల, నిర్మల్ వైపు నుంచి వచ్చి సైట్లలో ఇనుము కట్టేవాళ్ళు, చెక్కపని చేసేవాళ్ళు. మధ్యాహ్నం ఎండలో బయటి పని ఆపేసే వేసవి నెలల్లో పన్నెండింటికల్లా అందరూ గదుల్లోనే ఉంటారు. అప్పుడు నాకు అన్నం తినే తీరిక కూడా ఉండదు.

విజయరాణిది నిర్మల్ దగ్గర ఊరు. నిజామాబాద్‌లో నర్సింగ్ చదివింది. తర్వాత ఆరేళ్ళు 104 బండిలో ఊరూరూ తిరిగింది. నెలకోసారి చెప్పిన తేదీకి బండి ఊళ్ళోకి వచ్చేది, బీపీ, షుగరు చూసి గోలీలు ఇచ్చి పోయేది. దోహా అంటే పెద్ద ఆస్పత్రి, తనకంటూ ఒక బల్ల, ఒక కుర్చీ అనుకుని విమానం ఎక్కింది. దిగాక కంపెనీ ఆమె చేతికి ఇచ్చింది మళ్ళీ బండే. ఆ బండికి డ్రైవరు ఫసీయుద్దీన్, బోధన్ మనిషి. ఎక్కడున్నా నోరు మూయడు.

అల్ వక్రాలో ముగ్గురు నర్సులతో కలిసి ఉండేది. తెల్లవారుజామునే బండెక్కితే దిగేసరికి సాయంత్రం. ప్రతి క్యాంపులోనూ ఒక గదిలో మడత బల్ల వేసుకుని, డాక్టరు రాసిన లిస్టు ప్రకారం ఒక్కొక్కరినీ పిలిచి బీపీ, షుగరు చూసి, పుండ్లకు కట్లు కట్టి, వారానికి సరిపడా గోలీలు ఇచ్చేది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా నా ఆఫీసులోనే విప్పేది, ఎందుకంటే బండిలో కూర్చుంటే ఉడికిపోతారు. నా ఆఫీసు బాత్రూమ్ తాళం ఆమెకు ఇవ్వడం వల్ల మిగతా ఐదు క్యాంపుల కంటే నా క్యాంపు గొప్పదని ఒప్పుకునేది.

కిందటి జూన్ చివరి మంగళవారం ఆమె డబ్బాతోపాటు ఒక కాగితం కూడా విప్పింది. నడుమ గీత గీసి ఉంది. కంపెనీ అల్ వక్రాలో క్లినిక్ తెరుస్తున్నదట. అక్కడ కుదురుగా కూర్చునే నర్సు పోస్టు ఆమెకిస్తామన్నారు. గురువారం లోపల అవునో కాదో చెప్పాలి. కాదంటే ఇంకో రెండేళ్ళు బండే.

"ఇటు పక్క బండి మంచి, అటు పక్క బండి చెడ్డ. రాసుకుంట పోతే తెల్లారింది గని తేలలే. నువ్వు చూడన్నా" అంది.

చెడ్డ వైపు చాలా ఉంది. నడుము నొప్పి. ఎండ. బాత్రూములు. ఏ క్యాంపులోనూ తోటి నర్సు అంటూ లేకపోవడం, ఏదైనా అనుమానం వస్తే ఫోనులో డాక్టరు దొరికేదాకా చెమటలు పట్టడం. క్లినిక్ ఆమె గదికి నడిచిపోయేంత దూరంలో ఉంది. డ్యూటీ మూడింటికి అయిపోతుంది. మంచి వైపు నాలుగే నాలుగు మాటలున్నాయి. పైన ఉరిమే పెద్దసిస్టర్ లేదు. రోజుకో చోటు. మన భాష మాట్లాడే మనుషులు. నాలుగోది కొట్టేసి ఉంది.

"క్లినిక్‌లో నేనుండను కదా సిస్టర్, అది ఏ పక్క రాసినవ్?" అని ఫసీయుద్దీన్ తొంగి చూశాడు.

"బండి చెడ్డ దిక్కు. అండర్‌లైన్ చేసి."

"యా అల్లా! ఎనిమిది నెలలు ఏసీ పెట్టి తిప్పిన, ఇదా ఇనామ్!"

నవ్వుకున్నాం. కానీ చెడ్డ వైపు అన్నిటికంటే అడుగున ఒక పేరు ఉంది. మారుతి.

మారుతి మా క్యాంపు వాడే, చెక్కపని మేస్త్రీ. ఉగాదికి ముందు సైటులో నిలబడ్డచోటే కూలబడ్డాడు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. బీపీ పెరిగి వచ్చిన పక్షవాతమన్నారు. నెలన్నర ఆస్పత్రిలో ఉంచి, చక్రాల కుర్చీలో ఇంటికి పంపారు. ఎంక్వయిరీకి వచ్చినవాళ్ళు విజయరాణి రిజిస్టరు తిరగేశారు. అంతకుముందు ఐదు మంగళవారాలూ మారుతి బీపీ శుభ్రంగా ఉంది. ఆమె మీద ఏ మాటా రాలేదు.

"నేను సక్కగ చూసినా గిట్లయితే, నేను తిరిగి ఏం ఫాయిద అన్నా? నాలుగోది అదే రాసిన, మనుషులను కాపాడుతున్న అని. కొట్టేసిన" అంది.

క్లినిక్‌కే పొమ్మన్నాను. నలభై రెండేళ్ళు వచ్చాయి, ఇంకెన్నాళ్ళు తిరుగుతావు, కుర్చీ దొరికినప్పుడు కూర్చోవాలి అన్నాను. ఆమె వెళ్ళిపోతే మంగళవారాలు బోసిపోతాయని నాకు లోపల బాధగానే ఉంది. అయినా అన్నాను. ఆమె తల ఊపి, కాగితం మడిచి, బండెక్కింది. టిఫిన్ డబ్బా నా బల్ల మీదే మరిచిపోయింది.

మర్నాడు బుధవారం, మధ్యాహ్నం ఒంటిగంటకు డబ్బా కోసం బండి మళ్ళీ వచ్చింది. అప్పుడు నా ముందు రాజనర్సు కూర్చుని ఉన్నాడు. సిరిసిల్ల వైపు మనిషి, యాభై దాటాయి, ఇనుము కట్టే పని. గదిలో ఏసీ చల్లగా రావడం లేదని, తల తిరుగుతున్నదని నా బుర్ర తింటున్నాడు.

విజయరాణి డబ్బా తీసుకుంటూ ఆయన ముఖం చూసింది. "కళ్ళు గంత ఎర్రగున్నయేంది? ఉండు, బీపీ చూస్త."

రాజనర్సు చప్పున లేచాడు. "వద్దు సిస్టర్. ఇయ్యాల మంగళారం గాదు గద."

"మంగళారమే చూడాల్నని రాసుందా యేంది? కూసో."

ఆయన కూర్చోలేదు. ఆమె భుజం పట్టి కూర్చోబెట్టింది. మిషన్ నూట ఎనభై ఆరు చూపించింది. నిన్న అదే మనిషికి నూట ముప్ఫై రెండు. మిషన్ పాడైందేమోనని నాకు చూసింది. నాది మామూలుగానే ఉంది. ఫసీయుద్దీన్‌కు చూసింది. వాడిదీ బాగుంది. మళ్ళీ రాజనర్సుకు చూసింది. నూట తొంభై.

"గోలీలు ఏసుకుంటలేవా?"

"ఏసుకుంటున్న సిస్టర్."

"దినాం?"

రాజనర్సు నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆయనే చెప్పాడు. సోమవారం సాయంత్రం ఒకటి, మంగళవారం పొద్దున ఒకటి. మిగతా ఐదూ దాస్తాడు. ఎవరైనా సెలవు మీద ఇంటికి పోతుంటే వాళ్ళ చేతికిచ్చి భార్య ముత్తవ్వకు పంపిస్తాడు. ఆమెకూ బీపీ ఉంది. దుబాయ్ గోలీలు గట్టిగా పనిచేస్తాయని ఊళ్ళో పేరు. అవి ఖతార్‌వైనా ఊరికి దుబాయ్‌వే. ఇక మంగళవారం బీపీ ఎక్కువ వస్తే ఎత్తు మీద పని వద్దంటారు, ఎత్తు మీద పని చేయలేనివాణ్ణి ఇంటికి పంపుతారని భయం. కాబట్టి మంగళవారానికి ఒళ్ళు సిద్ధం చేసుకుంటాడు. ఊళ్ళో 104 బండి తేదీకి ఇంటిల్లిపాదీ సిద్ధమైనట్టే.

"నువ్వొక్కనివేనా?"

"మనోళ్ళు శానమంది."

ఆమె నా వైపు తిరిగింది. "నీకు ఎర్కనా అన్నా?"

నాకు ఎరుకే. మొత్తం కాదు, సగం. ఆ పొట్లాల మీద ఇంటివాళ్ళ పేరు, ఊరు మార్కరుతో రాసిచ్చేది నేనే. ముత్తవ్వ పేరు రెండుసార్లు రాశాను. పెళ్ళాం మీద ప్రేమ అనుకున్నాను తప్ప, ఆ పొట్లంలో ఉన్నది ఈయన ఐదు రోజుల గోలీలని ఒక్కనాడూ లెక్క వేసుకోలేదు. పైగా ప్రతి సోమవారం సాయంత్రం బోర్డు మీద 'రేపు సిస్టర్ వస్తుంది' అని పెద్ద అక్షరాలతో రాసేది కూడా నేనే. ఎవరూ డ్యూటీలో చిక్కుకుపోకుండా రాస్తున్నాననుకున్నాను. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"సగం ఎర్క" అన్నాను.

"మారుతి సుత గిట్లనేనా?"

రాజనర్సు తల వంచుకున్నాడు. "ఆని నాయినకు పంపేటోడు."

విజయరాణి కుర్చీలో కూలబడింది. ఏడ్చింది. మూడు నెలలుగా తను సక్కగానే చూశానని చెప్పుకుని నిద్రపోయిన మనిషి ఆమె. చూసింది నిజమే. ఒక్క మంగళవారాలే చూసింది. ఫసీయుద్దీన్ మొదటిసారి నోరు మూసుకుని నీళ్ళు తెచ్చిచ్చాడు.

కళ్ళు తుడుచుకుని ముందు డాక్టరుకు ఫోన్ చేసింది. డాక్టరు చెప్పిన గోలీ తన ఎదుటే రాజనర్సు చేత వేయించింది. సాయంత్రం ఆస్పత్రికి తీసుకుపోవడానికి క్యాంపు బండి నన్ను చూడమంది. అప్పుడు, "మీ ఆమెకు ఫోన్ కలుపు" అంది ఆయనతో.

వీడియోలో ముత్తవ్వ చాటలో బీడీలు చుడుతూ కనబడింది. "ఎవలు బిడ్డా? దుబాయ్ డాక్టరమ్మనా?"

"నర్సునవ్వా. మీ ఆయన పంపిన బీపీ గోలీలు నువ్వు మింగుతున్నవట. అవి ఆయన మింగేటియి. నీకు సరిపడయో లేవో గూడ ఎర్క లేదు."

"నేనెందుకు మింగుత బిడ్డా?" అంది ముత్తవ్వ. "నాకు మా ఊరి ఆశా వర్కరు, ఆశమ్మ, ఇచ్చేటియి ఉన్నయ్. ఎన్నడస్తదో తెల్వది, ఖాళీ షీట్లు చూసిగాని కొత్తయి ఇయ్యది, శాన కడక్. ఆయన పంపినయ్ మంచియని దాసిపెట్టిన. ఇంటికొచ్చినంక ఆయనకే కావాలె గద. బిస్కట్ల డబ్బ నిండింది."

రాజనర్సు ఫోను తన దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత భార్యను తిట్టడం మొదలుపెట్టాడు. ఆమె తిరిగి తిట్టింది. ఇద్దరూ ఒకరికోసం ఒకరు దాచి, ఆ గోలీలను ఎవరికీ కాకుండా చేశారు.

గురువారం పొద్దున విజయరాణి నాకు ఫోన్ చేసింది. క్లినిక్ వద్దని చెప్పేసిందట. ఒక షరతు పెట్టిందట, ఏ రోజు ఏ క్యాంపుకు పోవాలో తనే చూసుకుంటానని. నడుము నొప్పి సంగతేంటని అడిగాను.

"నడుము నొస్తది, ఏం జేద్దాం. క్లినిక్‌ల కూసుంటే అందరు గోలీ ఏసుకునే నా ముంగటికొస్తరన్నా. నేను చెప్పకుండ పోతేనే వాళ్ళు నాకు కనవడతరు" అంది. పెట్టేసే ముందు, "బాత్రూమ్ తాళం మాత్రం దినాం నీ టేబుల్ మీదనే పెట్టు" అంది.

ఆ సోమవారం సాయంత్రం అలవాటుగా మార్కరు తీసుకుని బోర్డు దాకా పోయి, వెనక్కి వచ్చాను. ఇప్పుడు ఆమె ఎప్పుడొస్తుందో ఫసీయుద్దీన్‌కే పొద్దున బండి తీసేదాకా తెలియదు. ఆశమ్మ పద్ధతి కూడా పట్టుకుంది. ఖాళీ షీటు బల్ల మీద పెట్టనిదే కొత్త షీటు లేదు. బీపీ ఎక్కువ వచ్చినవాళ్ళను ఇంటికి పంపించేయకుండా కొన్నాళ్ళు కింది పనికి మార్చేలా డాక్టరు చేత రాయించుకొచ్చింది. ఆ కాగితం నేను బోర్డుకు అంటించాను. మావాళ్ళు మొదటి రెండు వారాలూ ఆమెను నోటికొచ్చినట్టు తిట్టుకున్నారు, నన్ను కూడా.

ఆగస్టులో సెలవు నుంచి తిరిగొచ్చిన మా క్యాంపు కుర్రాడు తిరుమల, మామిడికాయ తొక్కుతోపాటు ముత్తవ్వ ఇచ్చిన బిస్కట్ల డబ్బా తెచ్చాడు. దాన్ని నా బల్ల మీద పెట్టుకున్నాను. విజయరాణి వచ్చిన రోజు రాజనర్సును పిలిచి డబ్బా ముందుకు తోసింది.

"లెక్కవెట్టు."

"ఎందుకు సిస్టర్?"

"లెక్కవెట్టు అంటున్న గద."

ఆయన షీట్లన్నీ బల్ల మీద పరిచి, వేలు పెట్టి, పైకి చదువుతూ లెక్కపెట్టాడు. నూట అరవై మూడు. కొన్నిటి మీద తేదీ కూడా దాటిపోయింది. ఆమె అన్నిటినీ పారేసే సంచిలో వేసి, ఆయనకు బీపీ చూసింది. నూట నలభై రెండు.

రాజనర్సు లేవలేదు. ఖాళీ డబ్బా మూత తిప్పుతూ కూర్చున్నాడు. "మారుతిగాని ఇంట్ల గూడ గిసొంటి డబ్బ ఉంటదా సిస్టర్?" అన్నాడు.

విజయరాణి రిజిస్టరు ముందుకు లాక్కుంది. రిజిస్టరులో తేదీ పక్కన వారం పేరు కూడా రాయడం జూలై నుంచి మొదలుపెట్టింది. నూట నలభై రెండు రాసి, పక్కన సోమవారం అని రాసింది.