దసరా నాడు పడుకున్న కంప్యూటర్

హైదరాబాద్ చుట్టూ ప్లాట్లు మొలుస్తున్న రోజుల్లో, ఇబ్రహీంపట్నం బస్ డిపో దగ్గర ఒక గదిలో వెబ్‌సైట్లు నడిపే కంపెనీ పెట్టాను. ‘క్షణమైనా ఆగం’ అని బోర్డు రాయించాను. మన దగ్గర ఆగమంటే చెడిపోవడమని రాయించాకే గుర్తొచ్చింది!

కస్టమర్ల సైట్లన్నీ అక్కడున్న ఒక్క కంప్యూటర్‌లోంచే నడిచేవి. దసరా పొద్దున నేను కొబ్బరికాయ తెచ్చేసరికి అమ్మ దాని ప్లగ్గు పీకి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసింది.

“ఏడాదంత కష్టపడ్డది. ఇయ్యాలన్న జర పండనియ్ బిడ్డా” అంది.

అంతలోనే మా పెద్ద కస్టమర్, వెంచర్లు వేసి ప్లాట్లు అమ్మే యాదగిరన్న ఊగిపోతూ వచ్చాడు. “నా సైటు కనబడ్తలేదేందిరా? పండుగనాడు పట్నపోల్లు ప్లాట్లు సూస్తమంటుండ్రు. నీ సంగతి ఊరంత చెప్త!”

ఆయన చెబితే మిగతా కస్టమర్లూ పోతారు. గబగబా ప్లగ్గు అందుకోబోయాను.

అప్పుడాయన దండ చూశాడు. చెప్పులు బయట విడిచొచ్చి మొక్కాడు. “నిజమే అమ్మా, మా ట్రాక్టర్‌ను గూడ ఇయ్యాల బయటికి తియ్యలే. కాయ గొట్టి లేపు తమ్మీ” అన్నాడు.

అన్నట్టే ఊరంతా చెప్పాడు. ‘దండేసిన కంప్యూటరోళ్లు’ అంటూ కొత్త కస్టమర్లు వెతుక్కుంటూ వచ్చారు.

ఇప్పుడు మా సైట్లు ఎక్కడో పరాయి ఊళ్ల యంత్రాల్లో నడుస్తున్నాయి. దసరా నాడు ఎటు తిరిగి దండం పెట్టాలో తెలియక కాసేపు అలాగే నిలబడతాను.